తాతలనాటి పనిముట్లు: వాని చరిత్ర, వాని పునరుద్ధరణము

దసరా నవరాత్రులలో మహర్నవమి నాడు తెలుగుదేశమున పనివారి యిండ్లలో పనిముట్లకు పూజ జరుగును. వడ్రంగి తన బాడిశను, ఉలులను, రంపమును కడిగి పసుపు కుంకుమలు పెట్టును. కమ్మరి దాగలికి, సమ్మెటకు మ్రొక్కును. రైతు నాగటికిని, సాలెవాడు మగ్గమునకును నమస్కరింతురు. ఏడాది పొడుగున తమకు అన్నము పెట్టిన వస్తువునకు ఒక దినము విశ్రాంతి నిచ్చి, మరల చేతబట్టుట ఆచారము. ఆచారము నేటికిని నిలిచియున్నది. పూజలో నుంచు పనిముట్లు మాత్రము మారినవి. పీటమీద నేడు విద్యుత్తుతో నడచు కోతయంత్రము కూర్చున్నది. తాత వాడిన బాడిశ అటకమీద గోనెసంచిలో త్రుప్పుపట్టి యున్నది. ఏ పండుగకో ఇల్లు దులుపునప్పుడు ఆ సంచి క్రిందికి దిగును. పాత ఇనుము కొనువాని త్రాసులోనికి పోవును.

తూకపురాతికి భేదము తెలియదు. విరిగిన బొక్కెనయు, వంగిన చువ్వయు, మూడు తరముల చేతులలో నలిగిన ఉలియు దానికి ఒక్కటే. రాజుల దానములు రాగిరేకులపై నిలిచినవి. ఆ రేకుల చివర కొన్నిటియందు చెక్కినవాని పేరును కలదు. కాని పల్లెలో నాగలి చేసినవానికి, కొడవలి కొట్టినవానికి అట్టి రేకులు లేవు. వారు విడిచిపోయిన ఇనుమే వారి శాసనము. కావున పాత పనిముట్టును బాగుచేయుట యనగా ఒక వస్తువును మెరయించుట కాదు. వ్రాత చెరగకుండ దానిపై ధూళిని తుడుచుట. ఈ భేదము తెలియక చేసిన బాగుసేత త్రుప్పుకంటె ఎక్కువ చెరుపు చేయగలదు. అది ఎట్లో తెలియవలెనన్న, మొదట మన దేశపు ఇనుము చరిత్రను కొంత తడవవలెను.

ఇనుమును, ఉక్కును

తెలంగాణమునందును రాయలసీమయందును పొలముల నడుమ పెద్దరాళ్ళతో పేర్చిన ప్రాచీన సమాధులు కలవు. పల్లెవారు వానిని రాకాసిగుళ్ళు అందురు. పురాతత్త్వజ్ఞులు త్రవ్విచూడగా, అట్టి సమాధులలో ఎముకలతోను, నలుపు ఎరుపు కుండలతోను పాటు ఇనుప గొడ్డళ్ళు, కత్తులు, ఉలులు, కొడవళ్ళు దొరకినవి. క్రీస్తునకు పూర్వము మొదటి సహస్రాబ్ది నాటికే ఈ నేలపై ఇనుపరాతినుండి ఇనుము తీసి పనిముట్లు చేయు నేర్పు స్థిరపడియుండెనని వానివలన తెలియుచున్నది. చనిపోయినవానితో వాని గొడ్డలినిగూడ పూడ్చిపెట్టిరనగా, ఆ కాలమున ఇనుమునకుండిన విలువ ఎంతటిదో ఊహింపవచ్చును.

ఆ ఇనుము నేటి ఇనుము వంటిది కాదు. మట్టికొలిమిలో ఇనుపరాతిపొడిని, కట్టెబొగ్గును పొరలుపొరలుగా పోసి తిత్తులతో గాలి ఊదెడివారు. ఆ వేడికి ఇనుము నీరుగా కరగదు. దానిలోని మాలిన్యము మాత్రము కరగి చిట్టెమై జారును. మిగిలిన ఇనుపముద్దను ఎర్రగా కాల్చి, సమ్మెటతో మోది, చిట్టెమును పిండివేయుదురు. ఎంత పిండినను సన్నని చిట్టెపు చారలు లోపల మిగులును. అందుచేతనే పాత ఇనుమును విరిచి చూచినచో కట్టెలోవలె పీచు కనబడును. ఈ ఇనుము మెత్తనిది, సాగునది. వంగునుగాని తటాలున విరుగదు. అయితే దానికి పదును నిలువదు. పదును నిలుచుటకు ఉక్కు కావలెను.

ఇనుమున బొగ్గుసారము, అనగా కర్బనము, స్వల్పముగ చేరినచో అది ఉక్కు అగును. నూటికి ఒక పాలు దాపున చేరినచో మంచి ఉలికి తగిన ఉక్కు అగును. దీనిని మూసలలో వండు విద్యలో దక్షిణాపథమువారు, వారిలో తెలుగువారు, దేశాంతరములందు కీర్తిగాంచిరి. నిజామాబాదు జిల్లాలోని కోనసముద్రము, నిర్మల పరిసరములు ఈ పనికి పేరుపొందిన తావులు. మెత్తని ఇనుపముక్కలను కర్బనమునిచ్చు పదార్థములతో కూడ మట్టిమూసలో నుంచి, మూతి కప్పి, మట్టి మెత్తి, గంటలకొలది కొలిమిలో కాల్చుదురు. లోపల ఇనుము కర్బనమును గ్రహించి కరగి, పిదప మెల్లగా చల్లారి, చిన్నబిళ్ళగా గడ్డకట్టును.

హెన్రీ వాయ్సీ అను ఆంగ్లేయుడు లాంబ్టను నడపిన త్రికోణమితి సర్వేలో వైద్యుడుగను, భూగర్భశాస్త్రజ్ఞుడుగను పనిచేసెను. ఆయన కోనసముద్రమునకు వచ్చి ఈ పనిని కన్నులార చూచి వ్రాసి పెట్టెను. 1824లో ఆయన మరణింపగా, ఆ వ్రాత 1832లో కలకత్తా ఆసియాటిక్ సొసైటీ పత్రికలో వెలువడెను. వేర్వేరు తావుల ఇనుమును రెండింటిని పాళ్ళుకట్టి కలుపుట అచ్చటి పద్ధతి యనియు, ఆ ఉక్కుకొరకు పారసీక వర్తకులు అంతదూరమునుండి వచ్చెడివారనియు దానివలన తెలియుచున్నది.

ఐరోపావారు ఈ ఉక్కును ఊట్జు అనిరి. తెలుగునను కన్నడమునను గల ‘ఉక్కు’ అను మాటయే అట్లు మారినదని పలువురు పండితుల అభిప్రాయము. 1794లో బొంబాయినుండి హెలెనస్ స్కాట్ అను వైద్యుడు ఈ ఉక్కును లండనునకు పంపెను. 1795లో జార్జి పియర్సను దానిని గూర్చిన పరిశోధనను రాయల్ సొసైటీ పక్షమున ప్రకటించెను. మైకేల్ ఫారడే విద్యుచ్ఛాస్త్రమున కీర్తికెక్కుటకు ముందే, 1819లో, ఈ ఉక్కును విశ్లేషించెను. జేమ్స్ స్టొడార్టు అను కత్తులు చేయువానితో కూడి 1820, 1822 సంవత్సరములలో ఉక్కు మిశ్రమములపై వ్యాసములు వెలువరించెను. లండను శాస్త్రజ్ఞులను అంతగా ఆకర్షించిన ఆ బిళ్ళను వండినవాని పేరు మాత్రము ఆ చరిత్రలో నిలువలేదు.

వాదరకడ నున్న అతుకు

ఉక్కు చేయుటకు బొగ్గు, కాలము, శ్రమ మిక్కిలి కావలెను. అందుచేత పూర్వపు కమ్మరి పనిముట్టు మొత్తమును ఉక్కుతో చేయువాడు కాడు. ఒడలంతయు మెత్తని ఇనుముతో చేసి, వాదరకడ మాత్రము సన్నని ఉక్కుపలకను చేర్చి, రెంటిని తగిన వేడికి తెచ్చి సమ్మెటతో ఒక్కటిగా అతికెడివాడు. వేడి మించినచో ఉక్కు పొడియై రాలును. తగ్గినచో అతుకు పట్టదు. ఆ నడిమి క్షణమును ఇనుము వెలుగును చూచియే కనిపెట్టవలెను. కొలిమిని ఎండ పడని కొట్టమున పెట్టుకొనుటకు ఇది యొక కారణము. అతికిన పిమ్మట వాదరను ఎర్రగా కాచి నీట ముంచినచో అది గట్టిపడును. అయితే గాజువలె పెళుసగును. కావున మరల కొంచెము వేడిచేసి ఆ పెళుసుతనమును తగ్గింతురు. ఈ రెండవ వేడియందే పనివాని నేర్పు తెలియును. దీనిని పానము పట్టుట యందురు.

ఈ యుక్తి మన దేశమునకే పరిమితము కాదు. జపాను దేశపు ఉలులును, ఇంగ్లండున షెఫీల్డు నగరపు పాత ఉలులును ఇట్లే రెండు లోహములను కలిపి చేసినవి. ఇనుము దెబ్బను ఓర్చును. ఉక్కు పదునును నిలుపును. 1984లో జపానువారు కోబె నగరమున వడ్రంగి పనిముట్లకే ఒక ప్రదర్శనశాలను నెలకొల్పిరి.

ఉక్కు లేనిదే మన కట్టడములును లేవు. 1213 నాటి పాలంపేట రామప్పగుడి 2021లో ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తింపు పొందినది. అందలి నల్లరాతి స్తంభములపై నున్న సన్నని పనిని చూచినవారెల్లరు శిల్పిని పొగడుదురు. అంతటి గట్టిరాతిపై ఉలిమొన త్వరలో మొద్దుబారును. దానిని మాటిమాటికి కాచి, సాగగొట్టి, పానము పట్టవలెను. శిల్పి ప్రక్కన కొలిమి లేక ఆ శిల్పము సాధ్యము కాదు. శిల్పము నిలిచినది; ఆ కమ్మరిని తలచువారు లేరు.

కొలుములు ఆరిన విధము

కమ్మరి, వడ్రంగి, కంచరి, కాసె, కంసాలి అను అయిదు వృత్తులవారు విశ్వకర్మ సంతతియని ప్రసిద్ధి. వీరిలో కమ్మరి, వడ్రంగి పల్లెలోని పన్నిద్దరు ఆయగాండ్రలో లెక్కింపబడిరి. కర్రు సాగగొట్టుట, కొడవలికి పండ్లు తీయుట, బండిచక్రమునకు పట్టా ఎక్కించుట మొదలగు పనులకు వారు దినకూలి పుచ్చుకొనెడివారు కారు. పంట నూర్చిన పిదప కళ్ళములో మేర కొలిచి పెట్టుట మామూలు. పంట పండిన యేట వారికి అన్నము. పండని యేట వారును పస్తే.

19వ శతాబ్దిలో ఈ కట్టు సడలజొచ్చెను. సీమ ఇనుము ఓడలపై చౌకగా దిగెను. 1856లో మదరాసునుండి దక్షిణదేశపు మొదటి రైలు నడచెను. రైలుదారి వెంట ఆ ఇనుము లోపలి ఊళ్ళకు చేరెను. ఆ సంవత్సరముననే ఇంగ్లండులో హెన్రీ బెస్సెమరు కరగిన ఇనుములోనికి గాలి ఊది, ఉక్కును టన్నులకొలది చేయు మార్గమును ప్రకటించెను. మదరాసు రాజధానిలో 1882 నాటి అటవీచట్టము వచ్చిన పిదప అడవిలో కట్టె కొట్టి బొగ్గు కాల్చుట పూర్వమువలె సాగలేదు. రాతినుండి ఇనుము తీయు కొలుములు ఒక్కొక్కటిగా ఆరిపోయినవి. 1907లో స్థాపితమైన టాటా సంస్థ 1912లో ఉక్కు చేయ నారంభించెను. 1992లో విశాఖపట్టణపు ఉక్కు కర్మాగారము జాతికి అంకితమాయెను. దేశమునకు ఉక్కు కరవు తీరినది. పాత విద్య మాత్రము చిట్టెపు కుప్పల క్రింద మిగిలినది. 2010లో బెంగుళూరులోని జాతీయ ఉన్నతాధ్యయన సంస్థవారును, ఇంగ్లండులోని ఎక్సెటరు విశ్వవిద్యాలయమువారును ఉత్తర తెలంగాణమున ఊరూర తిరిగి, ఆ కుప్పలను, పగిలిన మూసలను వెదకి గుర్తించిరి.

ఊరి కమ్మరి అంతటితో పని మానలేదు. రాతి ఇనుము రానప్పుడు దొరకిన ఇనుమునే తెచ్చుకొనెను. అరిగిన ఆకురాయిని ఉలిగా మార్చెను. లారీ కమానుపట్టీని బాడిశగాను, కత్తిగాను సాగగొట్టెను. రైలుపట్టా ముక్కను దాగలిగా వాడెను. కావున అటకమీది సంచిలోని ఒక్కొక్క పనిముట్టు ఒక్కొక్క కాలమును తెలుపును. ఉలి వెన్నుపై మాసిన అడ్డగీతలు కనబడినచో, అది ఒకనాడు ఆకురాయి యని తెలియును. పీచువలె చారలు కనబడినచో, అది కట్టెబొగ్గు కొలిమి నాటి ఇనుము కావచ్చును. బండమీద ఒరసి గరగరలాడించి ఆ గురుతులను తుడిచివేసినవాడు తన తాత చరిత్రలో ఒక పుటను చింపినవాడగును.

బాగుచేయు క్రమము

వారసత్వముగ వచ్చిన పనిముట్టును చేతికి తీసికొన్నప్పుడు మొదట చేయవలసిన పని చూచుట. వాదరకు ప్రక్కన వ్రేలిగోరంత తావును నున్నని రాతితో శుభ్రముగ రుద్ది, రెండు చుక్కలు నిమ్మరసము వేసి కొంతసేపు ఉంచవలెను. ఉక్కు నల్లబడును, మెత్తని ఇనుము తెల్లగ నుండును. ఆ రెండు రంగుల నడిమి గీతయే కమ్మరి వేసిన అతుకు. ఆ గీతనుండి వాదరవరకు ఉక్కు ఎంత మిగిలియున్నదో, ఆ పనిముట్టునకు అంత ఆయుస్సు మిగిలియున్నది. ఒక్కొక్కప్పుడది అంగుళము కన్న తక్కువ. ఆ కొలతను తెలిసికొనిన పిమ్మట దానిపై సానయంత్రము పెట్టుటకు చేయి రాదు.

రెండవది త్రుప్పు. ఇనుము నీటితోను, గాలితోను కూడి త్రుప్పగును. అయితే త్రుప్పంతయు ఒక్క తీరుది కాదు. ఎర్రగా, వదులుగా పొడిరాలునది శత్రువు. అది తేమను పట్టియుంచి క్రిందికి తొలుచుకొని పోవును. నల్లగా, గట్టిగా అంటుకొనియుండు పొర కొంతవరకు రక్షణము. ఢిల్లీ లోహస్తంభము సుమారు 1600 ఏండ్లుగా ఎండవానలలో నిలిచియుండుటకు దానిలోని భాస్వరమువలన ఏర్పడిన రక్షకపు పొరయే ముఖ్యకారణమని శాస్త్రజ్ఞులు తేల్చిరి. కావున ఎర్రనిది పోవలెను, నల్లనిది నిలువవలెను. కిరసనాయిలులో ఒకటి రెండు దినములు నాననిచ్చి, కొబ్బరిపీచుతోను, మెత్తని ఇటుకపొడితోను రుద్దుట పల్లెయందు తెలిసిన పద్ధతి. చింతపండు పులుసుగాని, వెనిగరుగాని వాడినచో పులుపు త్రుప్పును తినును. ఎక్కువసేపు ఉంచినచో ఇనుమునుగూడ తినును. కావున గంటగంటకు చూచుచు, తీసిన వెంటనే సోడానీట కడిగి, వేడిగా ఆరబెట్టి, నూనె పూయవలెను.

నేడు విద్యుత్తుతో త్రుప్పు విడిపించు మార్గమును కలదు. పిడి ఊడదీసి, చాకలిసోడా కలిపిన నీటిలో పనిముట్టును ఋణధ్రువమునకును, పనికిరాని వేరొక ఇనుపరేకును ధనధ్రువమునకును కలిపి, పన్నెండు వోల్టుల విద్యుత్తును పంపినచో త్రుప్పు వదులై ఊడివచ్చును; మంచి ఇనుము చెక్కుచెదరదు. ఆ పనిలో మండు వాయువు పుట్టును గనుక ఆరుబయట చేయవలెను. రేకు స్టెయిన్‌లెస్ స్టీలుది కారాదు. దానిలోని క్రోమియము విషముగా మారి నీట కలియును.

గుంటలలో దాగిన త్రుప్పునకు మన దేశముననే ఒక మందు కలదు. శ్రీకాళహస్తిలో కలంకారీ పనివారు త్రుప్పుపట్టిన ఇనుపముక్కలను బెల్లపునీటిలో దినములకొలది ఊరవేసి, కసిమి అను ద్రావకమును చేయుదురు. కరక్కాయలో తడిపి ఆరవేసిన బట్టమీద దానితో గీచినచో గీత నల్లబడి నిలుచును. కరక్కాయలోని వగరుసారము ఇనుమును పట్టుకొని నల్లని పదార్థముగా మారుట ఇందలి కీలకము. పూర్వము సిరా కాచుటయందును ఈ ధర్మమే ఉపయోగపడినది. అదే కరక్కాయ కషాయమును త్రుప్పు గుంటలపై పూసినచో, ఎర్రనిది నల్లబడి, త్రుప్పు ప్రాకుట నెమ్మదించును. ప్రదర్శనశాలలలో పాత ఇనుమును కాపాడువారును ఈ సారమునే వాడుచున్నారు.

మూడవది పదును. ఇచ్చటనే పాత పనిముట్లు ఎక్కువగా చెడుచున్నవి. విద్యుత్తుతో తిరుగు సానచక్రమునకు ఉలిని ఆనించినచో, రవ్వలు ఎగయును, రెండు నిముషములలో వాదర మెరయును. కాని ఆ రాపిడి వేడికి పలుచని అంచు మొదట గడ్డిరంగు, పిదప ఊదా, ఆపై నీలిరంగు అగును. గడ్డిరంగు 220 డిగ్రీల దాపున వచ్చును. నీలిరంగు 300 డిగ్రీల దాపున వచ్చును. నీలిరంగు తేలినంత మేర పానము పోయినట్లే. అది కోయునుగాని, నాలుగు దెబ్బలకే మొద్దుబారును. తాత ఉలికంటె బజారు ఉలియే మేలనుకొని ఇంటివారు దానిని మూలకు వేయుదురు. తప్పు ఉలిది కాదు. నీరు చిలుకుచు సానరాతిపై చేతితో నూరినచో పని గంటలు పట్టును. ఉక్కు మాత్రము వెండ్రుకవాసి కన్న ఎక్కువ పోదు. వెన్ను బల్లపరుపుగా నున్నదో లేదో మొదట చూచి, పిదప ముందరి వాలును నూరుట క్రమము.

చేతి గుర్తులు

లోహము వంటిదే పిడి. పాత ఉలిపిడి పైకొన కొయ్యసుత్తి దెబ్బలకు విచ్చి పువ్వువలె నుండును; పొన్ను బిగించిన తావు చెక్కుచెదరకుండును. గొడ్డలి కామపై చేతిపట్టు అరిగి, కుడిచేతివాటమా ఎడమచేతివాటమా యను సంగతినిగూడ తెలుపును. కామ గట్టిగా నున్నంతవరకు మార్చరాదు. మార్చక తప్పనప్పుడు పాతదానిని పారవేయక కొలతగా నుంచుకొనవలెను. క్రొత్త కామకు పోగు నిలువుగా సాగిన, బాగుగా ఆరిన కట్టె కావలెను. చిరుమాను, తుమ్మ మొదలగునవి ఈ పనికి పేరుపొందినవి. వదులైన కామను నీట నానవేసి బిగించుట తాత్కాలికపు యుక్తి; కట్టె ఉబ్బి, ఇనుపకన్నమున నలిగి, ఆరినప్పుడు మునుపటికన్న వదులగును. మేకు మార్చుటయే సరియైన చికిత్స.

బాడిశ కామను మార్చునప్పుడు ఇనుమునకును, కామకును నడిమి కోణము తప్పరాదు. నేలపై కూర్చుండి, పాదములతో కట్టెను అదిమిపట్టి, తనవైపునకు చెక్కుకొనునట్టి పనివానికొరకు ఆ కోణము ఏర్పడినది. రంపము సంగతియు అట్టిదే. మన పాత రంపముల పండ్లు పిడివైపునకు వాలియుండును; లాగినప్పుడు కోయును. సీమరంపము నెట్టినప్పుడు కోయును. ఈ భేదమెరుగక, పాత రంపము పండ్లు తప్పుగా నున్నవని ఆకురాతితో తిరుగరాచినవారు కలరు. ఆ పనివలన పండ్లే కాదు, నేలమీద కూర్చుండి పనిచేసిన ఒక జాతివారి ఆసనపద్ధతియు చెరగినది.

కొలకర్ర విషయమున ఇంకను జాగ్రత్త వహింపవలెను. పాత కొలకర్రలపై జేన, మూర లెక్కలను గీతలు పెట్టుకొనెడివారు. 1956 నాటి చట్టముతో దేశమంతట మెట్రిక్ కొలతలు క్రమముగ అమలునకు వచ్చినవి. అది మేలైన మార్పే. అయితే ఒక ఊరి తలుపులు, బండ్లు, నాగళ్ళు ఏ కొలతకు చేయబడెనో తెలుపు సాక్ష్యము ఆ కర్రయొక్కటే. దానిని నున్నగా చిత్రికపట్టి రంగు వేయుటకంటె అట్లే దుమ్ముతో నుంచుట మేలు.

పనిముట్టును, పనివాడును

ఈ విషయమున ఒక ఆక్షేపణము రావచ్చును. పాత కాలమును పొగడుటవలన ప్రయోజనమేమి? కొలిమి పొగలో కన్నులు పోగొట్టుకొన్నవారి బిడ్డలు చదువుకొని వేరు పనులకు పోవుట మంచిది కాదా? మంచిదే. కులమునుబట్టి పని, పనినిబట్టి కళ్ళములో గింజలు అను పద్ధతిలో న్యాయము తక్కువ. ఏడాదికొకసారి పనిముట్టును పూజించి, తక్కిన దినములలో పనివానిని గుమ్మము వెలుపల నిలిపిన ఊళ్ళును కలవు. ఆ వ్యవస్థ మరల రానక్కరలేదు. తాత వృత్తినే మనుమడు చేయవలెనను నియమమును అక్కరలేదు. కాని వృత్తిని విడుచుట వేరు, ఆ వృత్తిలోని జ్ఞానమును తూకమునకు అమ్ముట వేరు. మొదటిది స్వాతంత్ర్యము. రెండవది నష్టము, దానిని ఎవరును లెక్కగట్టరు గనుక అది నష్టమని ఎవరికిని తోచదు.

పాత ఇనుము కొలిమికి పోయి కరగి చువ్వలగుట దేశమునకు చెరుపు కాదు. ఇనుమునకు చావు లేదు. చచ్చునది అతుకు, కోణము, పానము. అది బ్రతుకవలెనన్న పనిముట్టు పనిచేయవలెను. అద్దాలబీరువాలో మెరయు ఉలికంటె, ఏడాదికొకసారియైనను కట్టెను తాకు ఉలియే తన చరిత్రను బాగుగ చెప్పును. చేతబట్టినవానికి దాని బరువు, వాలు, వేగము తెలియును. ఆ తెలివి పుస్తకమున దొరకదు.

అయినను పుస్తకము చేయగల పని యొకటి కలదు. 1918లో వేటపాలెమున పుట్టిన సారస్వత నికేతనము పాత పత్రికలను, గ్రంథములను తరతరములకు దాచిపెట్టినది. 1929లో గాంధీమహాత్ముడు అచ్చటికి వచ్చెను. ఆయన చేతికర్రయు ఆ గ్రంథాలయముననే భద్రముగ నున్నది. గ్రామ గ్రంథాలయము అక్షరమునకే గాక వస్తువునకును ఆశ్రయమీయగలదనుటకు అది నిదర్శనము. పల్లెపల్లెన గ్రంథాలయములు పనిముట్లనెల్ల తెచ్చి పేర్చుకొననక్కరలేదు. అవి ఇండ్లలోనే యుండవచ్చును. కావలసినది ఒక పట్టిక. ఈ బాడిశ ఎవరి యింటిది, ఎవరు కొట్టినది, ఏ కట్టె కామ, ఏ పనికి వాడిరి, దాని యంగములను ఆ యింటివారు ఏ మాటతో పిలుచుదురు అను సంగతులను పుస్తకముల పట్టికవలెనే వ్రాసియుంచుట చాలును.

ఆ పట్టికను వ్రాయుటకు కాలము ఎక్కువ లేదు. ఇనుము నూనెరాసిన గుడ్డలో చుట్టియుంచినచో ఇంకొక నూరేండ్లు నిలుచును. ఆ ఇనుము పేరు తెలిసినవారు, పానము పట్టునప్పుడు ఏ రంగుకడ ఆపవలెనో కంటితో చూచినవారు ముసలివారైరి. వారు ఎదుట నుండగానే సంచి విప్పి, ఒక్కొక్క వస్తువును వారి చేతికిచ్చి, వారు చెప్పినదానిని చెప్పినట్లే వ్రాసికొనుట ఇంటివారి పని. పిమ్మట నిమ్మరసపు చుక్క, కొబ్బరిపీచు, సానరాయి ఉండనేయున్నవి. అట్లు చేసిన యింట రాబోవు మహర్నవమి నాడు, పీటమీద యంత్రము ప్రక్కన, పదునెక్కిన ఆ బాడిశకును ఒక చోటు దొరకును.